సత్రంవాడి డైలాగు

క్రిస్మస్ నాటికలో ఏ వేషానికైనా పోటీ ఉంటుంది గానీ సత్రంవాడి వేషానికి ఉండదు. గాబ్రియేలుకు రెక్కలుంటాయి, జ్ఞానులకు జిగేలుమనే కిరీటాలుంటాయి, గొల్లలకు కనీసం అట్టముక్కతో చేసిన గొర్రెపిల్ల అయినా ఉంటుంది. సత్రంవాడికి ఒక లుంగీ, ఒక తాళాల గుత్తి, ఒకే ఒక్క డైలాగు. అదీ అందరిచేతా తిట్టించుకునే డైలాగు. నిజానికి లూకా సువార్త రెండో అధ్యాయం ఎంత వెతికినా ఆ మనిషి కనబడడు. సత్రంలో వాళ్లకు చోటు దొరకలేదని మాత్రమే రాశాడు లూకా. తలుపు తీసిందెవరో, పొమ్మన్నదెవరో చెప్పలేదు. పాపం ఆ సత్రంవాణ్ణి పుట్టించింది నాటికలు రాసే మాలాంటి సండే స్కూల్ టీచర్లే.

2020 డిసెంబరులో ఆ వేషానికి పిల్లలెవరూ ముందుకు రాలేదు. కరోనా భయంతో అసలు పిల్లల్ని పంపిందే సగం మంది. అప్పుడు మా సంఘ పెద్ద ఒకాయన, 'మా మనవరాలు వేస్తుంది, రాసుకోండి టీచర్' అన్నారు. మూడో తరగతి పిల్ల. గలగలా మాట్లాడుతుంది. ఒకసారి విన్నది మరిచిపోదు.

ఆ పెద్దాయన గురించి కాస్త చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు దిగి సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్తుంటే ఏ గోడ మీద చూసినా ఏదో ఒక హాస్టల్ బోర్డే. గ్రూప్స్‌కనీ, బ్యాంకు పరీక్షలకనీ, డీఎస్సీకనీ, సాఫ్ట్‌వేర్ కోర్సులకనీ రెండు రాష్ట్రాల పిల్లలూ ఇక్కడికే వచ్చి పడతారు. వాళ్ల మీద బతికే పేట ఇది. టిఫిన్ బళ్లు, జిరాక్సు షాపులు, లాండ్రీలు, అన్నీ వాళ్ల మీదే. ఆయనకు అలాంటి బాయ్స్ హాస్టలే ఒకటి ఉంది. నాలుగంతస్తులు, పైన పెంట్‌హౌస్‌లో కుటుంబం. ఫోర్ షేరింగ్ రూములు, ఇనప మంచాలు, ఆదివారం చికెన్.

లోపలికి అడుగుపెట్టగానే రిసెప్షన్ గోడకు రెండు ఫ్లెక్సీలు పక్కపక్కనే ఉంటాయి. ఎడమవైపు దాని మీద హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం రెండో వచనం. పరాయివాళ్లకు ఆతిథ్యమివ్వడం మరవొద్దని చెప్పే మాట అది, చుట్టూ గులాబీల బోర్డరు. కుడివైపు దాని మీద హాస్టల్ రూల్సు. గీజరు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే. గెస్టుకు రోజుకు రెండొందలు. ఖాళీ చేసేముందు నెల ముందే చెప్పాలి. అడ్వాన్సు మూడు వేలు, తిరిగి ఇవ్వబడదు. ఈ చివరి ముక్క ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. రెండు ఫ్లెక్సీలూ ఒకే షాపులో ఒకేసారి వేయించినవి. సైజు కూడా ఒకటే.

చెడ్డవాడనుకునేరు. కాదు. ఆయనది ఒంగోలు వైపు. 1876-78 కరువులో జనం మలమల మాడిపోతుంటే, బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ, కూడు దొరికేట్టు చూశాడు. కూటి కోసం మతంలో చేరారనిపించుకోకూడదని ఆ కాలమంతా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ 2,222 మందిలో తన ముత్తాత ఒకడని ఆయన చెబుతుంటారు. 'ఆ రోజు ఎవరో మనకు గంజి పోశారు కాబట్టే ఇవాళ మనం నలుగురికి అన్నం పెడుతున్నాం' అంటారు. ఆ నలుగురూ నెలకు అయిదేసి వేలు కట్టేవాళ్లే అనుకోండి, అది వేరే సంగతి.

బుధవారం రాత్రి ఆయన పెంట్‌హౌస్‌లో బైబిల్ క్లాసు. వాక్యాన్ని రోజువారీ బతుకులో ఎలా పాటించాలన్నదే ఆయన సబ్జెక్టు. అన్నం లేనివాణ్ణి, బట్ట లేనివాణ్ణి 'సుఖంగా వెళ్లిరా నాయనా' అని దీవించి పంపిస్తే వాడికి ఒరిగేదేమిటని యాకోబు రెండో అధ్యాయంలో అడుగుతాడు చూడండి, ఆ భాగం చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయేది. మత్తయి అయిదో అధ్యాయం మీదైతే నెలరోజులు చెప్పారు. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, ఫలానావాడికి నా మీద ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి వాడితో సమాధానపడి రావాలి. 'సోదరులారా, ఇది ఆదివారం వినడానికి కాదు, సోమవారం చెయ్యడానికి' అని ఆయన అన్న రోజు నేను నోట్సులో రాసుకున్నాను కూడా.

ఇక 2020 మార్చి. 24వ తేదీ రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. 25న ఉగాది. పచ్చడి మాట దేవుడెరుగు, హైదరాబాద్ హాస్టల్ పిల్లలకు ఆ రోజు అన్నమే లేదు. మెస్సులు మూశారు, రూములు ఖాళీ చెయ్యమన్నారు. సొంతూళ్లకు పోతామంటే పోలీస్ స్టేషన్లలో పాసులిస్తున్నారని తెలిసి పిల్లలు బారులు తీరారు. హాస్టళ్లు మూయొద్దు, ఎవర్నీ వెళ్లగొట్టొద్దు అని ప్రభుత్వం గట్టిగా చెప్పేసరికే వేలమంది ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డెక్కేశారు. కోదాడ దాటాక గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా పోలీసులు ఆపేశారు. ముందుకు వెళ్లనివ్వరు, వెనక్కి వెళ్తే రూము లేదు. టీవీల్లో అందరం చూసిందే.

మా పెద్దాయన హాస్టల్ కూడా ఆ రోజే ఖాళీ అయింది. అందులో మా సంఘానికి వచ్చే అబ్బాయిలు ఇద్దరున్నారు. ఆయన సొంత మండలం పిల్లలే. అక్కడి పాస్టరు గారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని వచ్చి ఆ హాస్టల్లో చేరారు. జూన్ 8 తర్వాత గుళ్లు, మసీదులు, చర్చీలు తెరిచినప్పుడు పెద్దాయన సాక్ష్యం చెప్పారు. 'పిల్లలు ఇళ్ల మీద బెంగపెట్టుకుని, మేం వెళ్లిపోతామంటే వెళ్లిపోతామన్నారు. ఎవరాపగలరు? ఒక్కొక్కరి తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి పంపాను. దేవుని కృప, మా బిల్డింగులో ఒక్క కేసు రాలేదు.' సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను.

అక్టోబరు 13 రాత్రి కుండపోత కురిసి సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్, సీసలబస్తీ నీళ్లలో మునిగినప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. హాస్టల్ వంటవాడితో కిచిడీ వండించి, మోకాలి లోతు నీళ్లలో దిగి పొట్లాలు పంచారు. ఆ ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపుకు డీపీగా చాలాకాలం ఉంది.

ఆ ఇద్దరబ్బాయిల్లో ఒకడు ఊళ్లోనే ఆగిపోయి పొగాకు పనికి వెళ్తున్నాడు. రెండోవాడు నవంబరులో తిరిగొచ్చాడు. చంపాపేటలో ముగ్గురితో కలిసి రూము తీసుకుని, ఆదివారం సైకిల్ మీద ఆరాధనకు వచ్చేవాడు. 'మళ్లీ పెద్దాయన హాస్టల్లో చేరలేదేం బాబూ?' అని అడిగాను. 'రూమైతే చదువుకోవడానికి బాగుంటుంది టీచర్' అన్నాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు.

రిహార్సల్సులో మాకు సత్రంవాడితోనే తంటా వచ్చింది. పిల్లకు నేను రాసిచ్చింది చిన్న డైలాగు: 'చోటు లేదు, వెళ్లండి.' అంతే. మరియ కడుపు మీద చెయ్యేసుకుని నిలబడేసరికి ఈ పిల్లకు జాలి పుట్టుకొచ్చేది. ఒకరోజు ఏడుపు గొంతుతో చెప్పింది. ఇంకోరోజు 'పోనీ పైన మా ఇంట్లో పడుకోండి' అనేసింది. మేమంతా నవ్వుకున్నాం. అసలు రోజున కూడా ఇదే చేస్తే బెత్లెహేము కథ అక్కడితో ఆగిపోతుందని నా బెంగ.

శనివారం రిహార్సల్‌కు పెద్దాయన స్వయంగా వచ్చారు. వేషం కోసం హాస్టల్ తాళాల గుత్తే తెచ్చారు, ప్రతి తాళానికీ రూము నంబరు బిళ్ల వేలాడుతోంది. మనవరాల్ని దగ్గరకు పిలిచి, 'బంగారూ, అలా గునిస్తే ఎవరు నమ్ముతారు? నాటకంలా చెప్పకు. నిజంగా హాస్టల్ నడిపేవాళ్లు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడు. గట్టిగా' అన్నారు. పిల్ల బుద్ధిగా తలూపింది.

ఆ రాత్రే యోసేపు వేసే కుర్రాడికి దగ్గు మొదలైంది. ఆ రోజుల్లో దగ్గంటే ఇంకేముంది, వాణ్ణి ఇంట్లోనే ఉండమన్నాం. ఉన్న యువకుల్లో గడ్డం ఉన్నవాడు చంపాపేట అబ్బాయి ఒక్కడే. ఆదివారం మధ్యాహ్నం డైలాగులు చేతికిస్తే సాయంత్రానికి నేర్చేశాడు.

డిసెంబరు 20, సాయంత్రం ఆరున్నర. కుర్చీలు ఎడంఎడంగా వేశారు. గుమ్మంలో శానిటైజర్ పట్టుకుని ఒకమ్మాయి నిలబడింది. దేవదూతలతో సహా అందరికీ మాస్కులు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని, డాలస్‌లో ఉన్న కూతురికి ఫోన్లో లైవ్ చూపిస్తున్నారు. యోసేపు మరియను నడిపించుకుంటూ వచ్చి అట్ట తలుపు తట్టాడు. లుంగీ ఎగ్గట్టిన సత్రంవాడు తాళాల గుత్తితో బయటికొచ్చాడు.

'అయ్యా, నా భార్య నిండు చూలాలు. ఈ ఒక్క రాత్రికి చోటివ్వండి.'

పిల్ల తలెత్తి చూసింది. మాస్కు పైన కళ్లు, ఆ గొంతు, గుర్తుపట్టినట్టుంది. ఒక్క క్షణం తాతవైపు చూసింది. ఆయన ఫోను పట్టుకునే, 'గట్టిగా' అని సైగ చేశారు.

పిల్ల తాళాల గుత్తిని వేలికి తగిలించి గిరగిరా తిప్పింది. అచ్చం ఆయన తిప్పినట్టే. మైకు దగ్గరికి జరిగింది.

'చూడు బాబూ, ఊరి నుంచి పాస్టరు గారు ఉత్తరం రాస్తే మాత్రం నేనేం చెయ్యను? సాయంత్రానికల్లా మంచాలు ఖాళీ అవ్వాలంతే. రేపు మీకు రోగం వస్తే నా బిల్డింగ్ మూసేస్తారు. బస్సుల్లేకపోతే బండి మాట్లాడుకోండి. స్టేషన్‌కెళ్తే పాసిస్తారు. అడ్వాన్సా? మూడు వేలూ లేవు, ముప్ఫై రూపాయలూ లేవు. బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో రాసుంది. చదువుకున్నోళ్లేగా, చదువుకోండి.'

ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి యోసేపు తలకు అందనంత దూరంలో గాల్లోకి ఎత్తింది.

'మీ కోసం ప్రార్థన చేస్తాంలే. వెళ్లండి.'

వెనకాల ఎవరో తెలియక చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. యోసేపు తర్వాతి డైలాగు 'పోనీ పశువుల పాకైనా చూపించండి'. వాడి నోట్లోంచి అది రాలేదు. ఎనిమిదో తరగతి మరియే తెలివైంది, వాడి చెయ్యి పట్టుకుని పాకవైపు లాక్కెళ్లింది. కీబోర్డు అబ్బాయి గబగబా పాట ఎత్తుకున్నాడు. పెద్దాయన ఫోను ఒళ్లోకి జారింది. 'నాన్నా, కనబడట్లేదు, నాన్నా' అని డాలస్ నుంచి కూతురి గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది.

తెర వెనక పిల్ల నా చీర కొంగు పట్టుకుని అడిగింది. 'టీచర్, నిజంగా చెప్పినట్టే చెప్పానా?'

'చెప్పావమ్మా' అన్నాను.

ఆ బుధవారం బైబిల్ క్లాసు జరగలేదు, పెద్దాయనకు ఒంట్లో బాగోలేదన్నారు. ఆయనలో ఏదో కదిలిందని మేమందరం అనుకున్నాం. కదిలిన మాట నిజమే. జనవరి 1 ఆరాధనలో ఆయన తలవంచుకుని నడిచి వచ్చి, అందరికంటే ముందు కానుకల పళ్లెంలో కవరు వేశారు. పాస్టరు గారు కవర్లు విప్పి చదివారు: 'మన పెద్దాయన కుటుంబం నుంచి ప్రత్యేక కృతజ్ఞతార్పణ, ఆరు వేల రూపాయలు.' సంఘమంతా ఆమేన్ అంది. వెనక వరసలో చంపాపేట అబ్బాయి కూడా అన్నాడు.

అబ్బాయిలిద్దరి అడ్వాన్సూ కలిపితే సరిగ్గా అంతే అవుతుంది. వాళ్లకైతే ఈ రోజు వరకూ రూపాయి ముట్టలేదు.