తక్కువపడ్డ పెద్దమ్మ

బీరంగూడ కమాన్ దగ్గర హైవే దిగి కిష్టారెడ్డిపేట చేరేలోపు ఏ గల్లీలో అడిగినా బొంతలు కుట్టే పెద్దమ్మ ఒకామె ఉంటుంది. పాత ఊళ్లో అరుగు మీద కావచ్చు, కొత్త అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్ల మధ్య చాప పరుచుకుని కావచ్చు. మనిషి మారినా మాట మారదు. బొంత సగమయ్యేసరికి తలెత్తి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ‘తక్కువ పడ్డది’ అంటుంది. ఆ మాట వినగానే ఇంట్లో మగవాళ్లు ఎవరి లుంగీ వాళ్లు చూసుకుంటారు.

బొంతకు ఇక్కడ గిరాకీ ఊరికే రాలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడ చలి ఎక్కువని చలికాలం పేపర్ తిరగేస్తే, పటాన్‌చెరు పేరే తరచూ కనబడుతుంది. ఇక్రిశాట్ 1972 నుంచి అక్కడ మెట్ట పంటల మీద పరిశోధన చేస్తోంది. పెద్దమ్మకు మాత్రం అది రోజూ పొద్దున ‘ఇయ్యాల ఇంత చలి’ అని పేపరోళ్లకు చెప్పే ఆఫీసు. ఆ అంకె పదికి దిగిందంటే గల్లీలో ఆమె గౌరవం పెరుగుతుంది.

ఆమెకు లెక్క రాదనుకునేరు, టైలర్‌ను కూర్చోబెట్టి నేర్పగలదు. చీర అయిదున్నర మీటర్లు. నడిమికి కోసి, రెండు ముక్కలూ పక్కపక్కన కలిపితే డబుల్ కాట్‌కు ఒక పొర. పైనొకటి, కిందొకటి, నడుమ మూడు. అయిదు చీరలైతే బొంత అయిపోయినట్టే. కానీ బొంతకిచ్చే చీర ఏనాడూ నిండు చీర కాదు. కుచ్చిళ్ల దగ్గర కాలు తగిలి చిరిగి ఉంటుంది, కొంగుకు పోపు నూనె మరక, నడుం దగ్గర ఎత్తి చూస్తే అవతలి గోడ కనబడుతుంది. పాడైనంత మేర కోసేస్తే అయిదు చీరలు మూడున్నరకు వస్తాయి. మిగతా ఒకటిన్నర ఎక్కడి నుంచి తేవాలన్న చోటే ఆమె ప్రతిభ మొదలవుతుంది.

గుంటూరు నుంచి వచ్చి మూడో అంతస్తులో ఉంటున్న ఒకావిడ, వాళ్ల అమ్మమ్మగారి మంగళగిరి చీరలిచ్చి బొంత కుట్టమంది. మూడు మూలలు ఆకుపచ్చ, నాలుగో మూల ఎర్ర ముక్క.

‘ఇదేంటండీ పెద్దమ్మగారూ, ఈ మూల ఎర్రది వేశారు?’

‘ఆకుపచ్చ తక్కువ పడ్డది బిడ్డా.’

‘అతుకేసినట్టు తెలిసిపోతోందండీ.’

‘రేపు రా. డిజైనైతది.’

మర్నాటికి ఎదురు మూలన కూడా ఆకుపచ్చ విప్పేసి ఎర్ర ముక్క వేసి ఉంది. నడుమ ఇంకో ఎర్ర చదరం. ‘ఒక్కటుంటె అతుకు, రెండుంటె డిజైను’ అంది పెద్దమ్మ, దారం పళ్లతో కొరుకుతూ. ఆ వారంలోనే పై అంతస్తువాళ్లు వచ్చి అచ్చం అలాంటిదే కావాలన్నారు. గుంటూరావిడ ‘నేనే దగ్గరుండి చెప్పి అలా వేయించా’ అంది. పెద్దమ్మ కాదనలేదు. మళ్లీ బొంత ఇచ్చేది ఆవిడే కదా.

వెడల్పు తక్కువైతే చుట్టూ పట్టీ తిప్పుతుంది. మంచి గుడ్డ మూరెడే ఉంటే దాన్ని నడుమ పెట్టి, పేదరికాన్నంతా అంచులకు తోసేస్తుంది. మరీ నాసిరకం ముక్క తలగడ కిందికి పోయే చోట పడుతుంది. ఇవేవీ కుదరనప్పుడు బొంతే తగ్గుతుంది. కొత్త దంపతులకని మొదలుపెట్టిన డబుల్ కాట్ బొంత ఒకసారి సింగిల్‌కు దిగింది. ‘కొట్లాడుకోకుండ దగ్గరగ పండుకుంటరు’ అని సమర్థించుకుంది. ఇంకా తక్కువైతే ఉయ్యాల బొంత. దానికి గిరాకీ రావడానికి ఏడాదైనా ఆగుతుంది.

ఆమెకు బద్ధశత్రువు పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడు. వాడి కేక వినబడితే సూది గుడ్డలోనే గుచ్చి లేస్తుంది. ‘ఇంత మంచి నూలు చీరకు చాయ్ జాలి ఇస్తడా? పో అవతలికి!’ బేరం చేస్తున్న ఇల్లాలి చేతిలోంచి చీర లాక్కుని, తన వంటింట్లోంచి ఒక చాయ్ జాలి తెచ్చి ఆమె చేతిలో పెడుతుంది. ఇల్లాలికి నష్టమేమీ లేదు. వాడు మాత్రం ఆ గల్లీకి పొద్దుగూకాక వస్తాడు.

2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు ఆమె ట్రంకు పెట్టెలో దొంతరగా ఉన్నాయి. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ అది. ‘సూది దిగుతది గని గుడ్డ నిలవది’ అని ఆమె తీర్పు. పాలిస్టర్ జారుతుంది, చెమట పీల్చదు. అందుకని ఒంటికి తగిలేవైపు వేయదు. రెండు నూలు పొరల నడుమ ఇరికించి, కుట్లు దగ్గరదగ్గరగా వేస్తుంది. ప్రభుత్వ పథకం అట్టడుగుకు చేరడం అంటే ఏమిటో ఆ బొంతల్లో చూడాలి.

ఇక కనుము గుడ్డలు. ఒడిబియ్యానికి పెట్టినవి, వ్రతానికి పెట్టినవి, గృహప్రవేశానికి పెట్టినవి. ఎవరూ జాకెట్టు కుట్టించుకోరు, ఇంకొకరికి పెడతారు. వాటి సంచారం పెద్దమ్మ దగ్గర ఆగిపోతుంది. పక్కింటామె ఒకరోజు బొంత అంచు పట్టుకుని నిలేసింది.

‘గిది నేను పెట్టిన కనుమే గద వదినా?’

‘నీకు నేను పెట్టిందే గది. మూడేండ్లకు నా ఇంటికి తిరిగొచ్చింది.’

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పనిచేసి రిటైరైన పెద్దబాపు నీలం యూనిఫాం ప్యాంట్లు బొంతల్లో కాళ్లవైపు పడ్డాయి. ఆ గుడ్డ దొడ్డుగా ఉంటుంది కాబట్టి బరువుకు బొంత జారదు. దొడ్డు సూది కూడా వంగిపోతుందని జేబు విప్పకుండా అలాగే వదిలేసింది. పెద్దబాపు ఆ జేబులో బీడీ కట్ట దాచుకుంటాడు. ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు.

న్యూజెర్సీలో ఉన్న మనవరాలు ఒకసారి ఫోన్లో కొన్ని ఫొటోలు చూపించింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు మొగుళ్ల పాత పని బట్టలు, మిగిలిన కార్డురాయ్ ముక్కలు కలిపి బొంతలు కుట్టారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీలో గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా వాళ్లు పోస్టల్ స్టాంపులు కూడా వేశారు. పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఒక్కో బొంతా చూసింది.

‘ఈమెకు గూడ నీలం తక్కువ పడ్డది, సూడు, అందుకే నడుమ ఎర్ర పట్టీలేసింది’ అని పసిగట్టింది. తర్వాత ఒకే ఒక ప్రశ్న అడిగింది: ‘అన్ని గోడలకే కొడ్తె చలికేం కప్పుకుంటరే?’ కళా విమర్శకుల దగ్గర దీనికి జవాబుందో లేదో గాని, మనవరాలి దగ్గర లేదు.

తల్లి తిప్పలు చూడలేక పెద్ద కొడుకు పటాన్‌చెరు నుంచి ఒక తాను గుడ్డ తెచ్చి ఒళ్లో పడేశాడు. లేత గులాబి, కొత్తది, నాలుగు బొంతలకు సరిపడా. పెద్దమ్మ రెండు రోజులు దాన్ని అటూ ఇటూ మడిచి చూసింది. ఎక్కడా చిరుగు లేదు, మరక లేదు, ఏ మూలకు ఏం వేయాలో ఆలోచించే పనే లేదు. తప్పదని ఒకటి కుట్టింది. అంచులు కలిశాయి, మూలలు కలిశాయి, ఆస్పత్రి మంచం మీద దుప్పటి అయింది. ఆమె కుట్టిన వాటిలో గల్లీలో ఎవరూ అడగని బొంత అదొక్కటే. మిగిలిన తాను అడ్డంగా కోసి కోడళ్లకు లంగాలకు, గలీబులకు పంచేసింది. ఆఖరున మూరెడు ముక్క మిగిలాక ప్రాణం కుదుటపడి, ‘ఇగ తక్కువ పడ్డది, సూది అందుకోరా’ అంది.

కిష్టారెడ్డిపేటలో బొంత కుట్టించుకోదలచినవారికి మనవి. దసరాకు ముందే చెప్పండి. నూలు చీరలే ఇవ్వండి, ఉతికి ఆరేసి ఇవ్వండి. సరిపడా మాత్రం ఇవ్వకండి.