ఎరుపు, నీలం

మా సీనియర్ గారి బల్ల మీద పెన్సిలు ఒక్కటే ఉండేది. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. అరిగిపోతే అలాంటిదే ఇంకొకటి తెప్పించుకునేవారు.

తెనాలి కోర్టులో నలభై ఏళ్లు ప్రాక్టీసు చేశారాయన. నేను 1990లో జూనియర్‌గా చేరేనాటికే ఆడపిల్లల భాగం దావా అంటే ఆయన పేరే చెప్పేవారు. కొల్లిపర, వేమూరు, అమృతలూరు వైపు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు ఆడవాళ్లు వచ్చి వరండాలో కూర్చునేవారు. చాలామంది చేతిలో సంచీ, సంచీలో పాత శుభలేఖ.

శుభలేఖ ఎందుకంటే, ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే.

"పెళ్లెప్పుడయిందమ్మా?"

1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చాక కూడా పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉండేది. కూతురికి తండ్రి పోయాక, ఆ తండ్రి వాటాలో మాత్రం కొంత పాలు. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన దగ్గర్నుంచీ ఆడపిల్లకూ సమాన వాటా అన్న మాట ఊళ్లలో నలిగింది. కోర్టు ఆవరణలో ఇంకా ఎక్కువగా నలిగింది. 1986లో చట్టమైంది. 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్కగట్టారు. కొడుకుతో సమానంగా కూతురూ పుట్టుకతోనే హక్కుదారు. ఒక్క మెలిక ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి 2005 దాకా ఇది వర్తించేది కాదు.

అందుకే ఆయన ముందు తేదీ అడిగేవారు. శుభలేఖ లేనివాళ్లు గుర్తులు చెప్పేవారు. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడని ఒకామె, ఇందిరాగాంధీ పోయిన నెలలో అని ఇంకొకామె. ఆయన వాళ్ల చేత మెల్లగా చెప్పించి, తేదీ రాబట్టి, కాగితం కుడి పక్క పైమూల రాసేవారు. తర్వాత పెన్సిలు తీసి సున్నా చుట్టేవారు. నీలం చుడితే దావా వేసినట్టే. ఎరుపు చుడితే కాగితం మడిచి పక్కన పెట్టేవారు.

ఎరుపు చుట్టినవాళ్లను ఆయన ఊరికే పంపలేదు. లోపలికి కేకేసి కాఫీ తెప్పించేవారు. "చట్టం నీ దాకా రాలేదమ్మా. అయినా అన్నదమ్ములు ఏ కాగితం తెచ్చినా నాకు చూపించకుండా సంతకం పెట్టకు. నాన్న వాటాలో నీ పాలు నీకుంటుంది" అని చెప్పి, బస్సు ఛార్జీలు చేతిలో పెట్టేవారు. ఒకసారి ఒకామె తేదీ 1985 జూన్ అని తేలింది. రెండు నెలల పైచిల్లర తేడా. ఆమె వెళ్లిపోయాక ఆయన చాలాసేపు ఆ కాగితం మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ రోజు కోర్టుకు రాలేదు. వాయిదా అడగమని నన్ను పంపారు.

ఇంట్లో కూడా అంతే మనిషి. భార్యకు పక్షవాతం వచ్చి ఆరేళ్లు మంచం మీద ఉన్నారు. మధ్యాహ్నం కోర్టు విరామానికి ఆయన రిక్షాలో ఇంటికెళ్లి, గౌను విప్పి కొక్కేనికి తగిలించి, పెరుగన్నం కలిపి తన చేత్తో తినిపించి వచ్చేవారు. గౌను మీద ఎప్పుడైనా ఒక మెతుకు కనిపించేది. జడ్జీలకు కూడా తెలుసు. ఒక్కోసారి కేసును కాసేపు వెనక్కి పెట్టి పిలిచేవారు. ఆమె పోయాక కూడా ఆయన ఆ వేళకు ఇంటికి వెళ్లడం మానలేదు.

కొడుకులిద్దరినీ ఇంజనీర్లను చేశారు. ఒకరు అమెరికాలో, ఒకరు హైదరాబాదులో స్థిరపడ్డారు. కూతురు అందరిలోకీ చిన్నది. నరసరావుపేటలో కాపురం, భర్త బడిపంతులు. ప్రతి సంక్రాంతికీ ఆయనే బస్సెక్కి వెళ్లి తీసుకొచ్చేవారు. అల్లుణ్ణి పంపమని ఏనాడూ కబురు చేయలేదు.

2002 జనవరిలో, పండగ వెళ్లిన వారానికి, నిద్రలోనే పోయారు.

కోర్టు హాల్లో రిఫరెన్స్ జరిగింది. జడ్జీలు, బారు మొత్తం లేచి నిలబడ్డారు. వెనక బెంచీల్లో ఆయన గెలిపించిన ఆడవాళ్లు ఇరవై మందికి పైగా ఉన్నారు. ఎవరూ పిలవలేదు, వాళ్లే వచ్చారు. ముందు వరసలో కూతురు కూర్చుంది.

ఆయనతో పాటు ప్రాక్టీసు మొదలుపెట్టిన పెద్ద ప్లీడరుగారొకరు మాట్లాడారు. దావాల గురించి కాదు, పెళ్లి గురించి చెప్పారు. "మా వాడికి కూతురంటే పంచప్రాణాలు. మగపెళ్లివారు కార్తీకంలో చేద్దామన్నారు. మావాడు ఆగలేదు. అధిక శ్రావణం అడ్డమొచ్చిందే అని రోజులు లెక్కపెట్టుకున్నాడు. నిజ శ్రావణం రాగానే ముహూర్తం పెట్టించి చేసేశాడు. ఎందుకురా ఇంత తొందరంటే, నా తల్లి మెడలో మూడు ముళ్లు పడితే గానీ నాకు నిద్ర పట్టదన్నాడు." ఆ మాటకు ఆయన గొంతు పూడుకుపోయింది. హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

మార్చిలో ఒక ఆదివారం కూతురు ఆఫీసుకు వచ్చింది. నేనింకా ఆ గదిలోనే ప్రాక్టీసు చేస్తున్నాను. బల్ల, కుర్చీ, పెన్సిలు అలాగే ఉన్నాయి. ఆమె పార్టీలు కూర్చునే బల్ల మీద కూర్చుంది. లోపలి కుర్చీలోకి రమ్మన్నా రాలేదు.

"అన్నయ్యలు ఏవో కాగితాలు పంపారు తమ్ముడూ. చూపించకుండా సంతకం పెట్టొద్దని నాన్నగారు అందరికీ చెప్పేవారుగా. పొలంలో నాకెంత వస్తుందో చెప్పు."

పొలం తొమ్మిదెకరాల మాగాణి. తాతల నాటిది. వీలునామా లేదు. కాగితం తీసి, అలవాటుగా పైమూల చెయ్యి ఆనించి అడిగాను.

"పెళ్లెప్పుడయింది అక్కయ్యా?"

"1985 ఆగస్టు 25. ఆదివారం."

రాశాను. పెన్సిలు తీయలేదు. కింద లెక్క వేశాను. అన్నదమ్ములతో సమానంగా హక్కు ఉంటే తొమ్మిదిలో మూడెకరాలు. లేకపోతే, తండ్రి వాటా మూడెకరాల్లో మూడో వంతు. ఒక ఎకరం. ఆమెకు వచ్చేది ఆ ఒక్క ఎకరమే. తేడా పదకొండు రోజులు.

ఎలా చెప్పాలో తెలియక, ఆయన చెప్పినట్టే చెప్పాను. చట్టం మీ దాకా రాలేదక్కయ్యా అన్నాను. లోపలికి కేకేసి కాఫీ చెప్పాను. అదొక దురదృష్టమని, చట్టాన్ని వెనక తేదీ నుంచి అమలు చేస్తారని అప్పుడెవరికీ తెలియదని, నాన్నగారికి కూడా తెలిసి ఉండదని చెప్పాను. ఆయన మీద నాకున్న గౌరవం కొద్దీ గట్టిగానే చెప్పాను.

ఆమె అంతా విన్నది. కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"నాన్నగారి బీరువాలో దొరికింది. పారేయకుండా ఎందుకు దాచుకున్నారో."

లోపల శుభలేఖ. అచ్చయినది కాదు, ప్రెస్సువాళ్లు దిద్దమని పంపిన ప్రూఫు. క్రోధన నామ సంవత్సర కార్తీక మాసం, నవంబరు 24 అని ఉన్నచోట అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కన ఆయన దస్తూరీలో ఆగస్టు 25. దాని కింద, "బిల్లు వచ్చేలోగా కావాలి. అర్జంటు."

ఎర్ర పెన్సిలుతో.