ప్రాసెసర్ మార్చాక వినకూడని సలహాలు

అమలాపురంలో పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లు విప్పడం మొదలవుతుంది. డ్రోన్ వీడియోలు వచ్చాక మిక్సింగ్‌కి పాత ప్రాసెసర్లు చాలడం లేదు. దానికితోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. రైజెన్ మొదటి తరం ప్రాసెసర్లేమో విండోస్ 11 జాబితాలో లేవు. బోర్డూ ర్యామూ అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుందామని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో ఆన్‌లైన్‌లోనో రైజెన్ 5 5600 తెప్పించుకుంటారు. ఆలోచన మంచిదే. తీరా బిగించి పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు.

ఇక సలహాలు మొదలు. గడియార స్తంభం సెంటర్ నుంచి ఎర్ర వంతెన దాకా ఎవరిని కదిపినా ఒకటి చెబుతారు. అందరూ మన మేలు కోరే చెబుతారు. కానీ వాటిలో చాలావరకు తప్పులు, కొన్నయితే ఉన్న వస్తువును కూడా పాడుచేసేవి. అప్పు చేసి మిషన్ కొనుక్కున్న కుర్రాడు సీజన్ ముంగిట ఇలాంటి మాట విని నష్టపోతే చూడలేను. అందుకే ఆ సలహాలను వాళ్ల మాటల్లోనే పెట్టి, ఎక్కడ తప్పుతున్నాయో రాస్తున్నాను.

"సాకెట్టు ఒకటే కదండీ, పట్టేస్తుంది."

మొదటి తప్పు ఇక్కడే. ఏఎండీవాళ్ల ఏఎం4 సాకెట్‌లో రైజెన్ మొదటి తరం 2017 మార్చిలో వచ్చింది, 5000 సిరీస్ 2020 నవంబర్‌లో వచ్చింది. రెండింటికీ పిన్నులు 1331, కూర్చోవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ బోర్డు మీద బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. తనకు తెలిసిన ప్రాసెసర్లనే అది లేపుతుంది. ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే మనిషి ఎదురుగా నిలబడ్డా ఓటు వేయనివ్వరు, ఇదీ అంతే. 2018లో వచ్చిన బీ450 బోర్డులో పాత బయోస్ అలాగే ఉంటే, రెండేళ్ల తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ను అది ఎలా గుర్తుపడుతుంది?

ఇంటెల్‌లో ఈ మాట ఇంకా ప్రమాదం. 1151 సాకెట్ పేరుతో ఆరు, ఏడు తరాలు వచ్చాయి, ఎనిమిది, తొమ్మిది తరాలూ వచ్చాయి. 100, 200 సిరీస్ బోర్డుల్లో ఎనిమిదో తరం ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, కానీ కంపెనీ ఇచ్చే ఏ బయోస్‌తోనూ లేవదు. అదే 1700 సాకెట్ 600 సిరీస్ బోర్డయితే 13, 14 తరాలు బయోస్ మారిస్తే లేస్తాయి. కాబట్టి డబ్బు కట్టకముందే బోర్డు తయారీదారు సైట్‌లో 'సీపీయూ సపోర్ట్ లిస్ట్' తెరవండి. బోర్డు మీద అచ్చేసిన మోడల్ పేరు, దాని పక్కన రివిజన్ నంబర్ ఉంటే అది కూడా, సరిచూడండి. ఒక్కో ప్రాసెసర్‌కి ఎదురుగా ఏ బయోస్ నుంచి పనిచేస్తుందో అక్కడే రాసి ఉంటుంది. చూడ్డానికి పది నిమిషాలు చాలు. అయినా ఎవరూ చూడరు.

"పాతది అమ్మేయండి, ఎంతో కొంత వస్తుంది."

నా మట్టుకు నాకు అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే. కొత్త ప్రాసెసర్‌తో లేవని బోర్డుకు కొత్త బయోస్ ఎక్కించాలంటే ఆ పాత ప్రాసెసర్‌తోనే లేపాలి. అది చేయి దాటిపోతే, బోర్డు వెనక ప్రాసెసర్ లేకుండానే బయోస్ ఎక్కించే 'ఫ్లాష్‌బ్యాక్' బటన్ ఉంటే బతికిపోయినట్టే. లేకపోతే ఎవరి ప్రాసెసరో అరువు అడగాలి. 2018లో కొత్త రైజెన్‌లు పాత బోర్డుల్లో లేవక జనం ఇబ్బంది పడినప్పుడు, ఏఎండీ తానే తాత్కాలికంగా ప్రాసెసర్లు పంపి, పని అయ్యాక వెనక్కి తీసుకుంది. అంత పెద్ద కంపెనీకే తప్పని పని అది. కొత్తది వారం పది రోజులు నిలకడగా పనిచేసేదాకా పాతదాన్ని డబ్బాలో భద్రంగా ఉంచండి.

అంటే, స్క్రీన్ రాకపోతే మొదట చేయాల్సింది పాతది తిరిగి పెట్టడం. దాంతో లేచిందంటే బోర్డు, ర్యామ్, పవర్ సప్లై అన్నీ బాగున్నట్టు తేలిపోతుంది. అక్కడి నుంచి సగం అనుమానాలు పోతాయి.

"బయోస్‌కి ఎంతసేపు, కరెంటు పోయేలోగా అయిపోతుంది."

ఇలా చెప్పేవాళ్ల మాట వినకండి. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. ఆ తర్వాత చిప్‌కి క్లిప్ తగిలించి ప్రోగ్రామర్‌తో రాసేవాళ్లను వెతుక్కోవాలి. తుఫాను గాలి వేస్తే మన కోనసీమలో కరెంటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. యూపీఎస్ మీద పెట్టండి, లేకపోతే ఇన్వర్టర్ ఉన్న ఇంటికి పట్టుకెళ్లండి. ఫైల్ కూడా ముందే దింపుకుని ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత రోజుల తరబడి ఇక్కడ ఇంటర్నెట్ లేదు, ఆ సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఇంకొకటి: మీ పాత ప్రాసెసర్ రైజెన్ కాకుండా ఏ6, ఏ8 లాంటిదైతే, కొత్త బయోస్ ఎక్కాక అది ఆ బోర్డులో మళ్లీ లేవకపోవచ్చు. చిప్‌లో చోటు చాలక చాలా బోర్డులకు పాతవాటి మద్దతు తీసేశారు.

"కూలర్ రావట్లేదా? పట్టుకుని పైకి లాగెయ్."

ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండిన పేస్టు కూలర్‌నీ ప్రాసెసర్‌నీ అతికించేస్తుంది. నిలువుగా లాగితే లీవర్ మూసి ఉండగానే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది. తిప్పి చూస్తే మూల వరసలో రెండు మూడు పిన్నులు పక్కకు వాలి కనిపిస్తాయి. పని మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌ను కాసేపు బరువైన రెండర్ మీద నడపండి, పేస్టు మెత్తబడుతుంది. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా మెలితిప్పి, వదులయ్యాకే ఎత్తండి. పిన్ను వంగే ఉంటే పక్క వరస వెంబడి పలచని బ్లేడు మొద్దువైపు ఆనించి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాలి. ఒక్కసారి వెనక్కి ఎక్కువ వంచితే విరుగుతుంది. కొత్తది పెట్టేటప్పుడు బంగారు రంగు త్రికోణం గుర్తు చూసి వదిలితే దాని బరువుకే దిగాలి. దిగలేదంటే నొక్కవద్దు, తీసి పిన్నులు చూడండి.

ర్యామ్‌ని పెన్సిల్ రబ్బరుతో రుద్దమనడం మన దగ్గర అన్ని జబ్బులకూ వాడే మందు. ఇక్కడి గాలిలో చెమ్మకు ర్యామ్ కాళ్ల మీద మసక పడుతుంది నిజమే. తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి, అది చాలు. రుద్దితే పైన ఉన్న బంగారు పూత అరుగుతుంది. బోర్డు మీది సెల్ తీసి పెట్టమనడంలో సగం నిజం ఉంది. పాత సెట్టింగులు పోతాయి, ప్లగ్ పీకేసి చేయండి. కానీ సెల్ తీసినంత మాత్రాన కొత్త ప్రాసెసర్ పేరు బయోస్‌లో చేరదు. పేస్టు దండిగా రాయమన్నా వినకండి, బఠాణీ గింజంత చాలు.

"సప్లై చాల్లేదు, కొత్తది కొనండి."

మొదటి తరం రైజెన్ 5 1600 65 వాట్లది, 5600 కూడా 65 వాట్లదే. సప్లై కొనేముందు సాకెట్ పక్కన ఎనిమిది పిన్నుల వైరు పెట్టారో లేదో చూడండి. కూలర్ విప్పేటప్పుడు దాన్ని పీకి మర్చిపోతారు. ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంటు అందదు.

"ప్రాసెసరే పోయిందండి, వెనక్కి పంపేయండి."

పంపేముందు మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి. ఇన్నాళ్లూ రైజెన్ 3400జీ వాడినవాళ్లు బోర్డుకే కేబుల్ పెట్టి వాడుకున్నారు, దానిలో గ్రాఫిక్స్ ఉంది. 5600లో లేదు. ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్ లాగా చివర 'ఎఫ్' ఉన్నవాటిలోనూ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. మిషన్ బంగారంలా లేచి లోపల పనిచేసుకుంటుంటే, బయట మనం చచ్చిందనుకుని పార్సిల్ కడతాం. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ అని బుల్లి లైట్లుంటే ఏది వెలిగే ఉండిపోయిందో చూడండి. లోపం ఎక్కడో అవే చెబుతాయి.

ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ ఉన్నవాళ్లు మొదటిసారి నిమిషంలో స్క్రీన్ రాలేదని ఆపేయకూడదు. ర్యామ్‌తో లెక్కలు కుదుర్చుకోవడానికి దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచీ చేసుకోవాలి.

చివరికి స్క్రీన్ వచ్చి, ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి 'వై' నొక్కాలా 'ఎన్' నొక్కాలా అని అడుగుతుంది. పక్కవాళ్లు "వై నొక్కేయ్, ఏం కాదు" అంటారు. ఆగండి. ప్రాసెసర్‌లోనే ఉండే ఎఫ్‌టీపీఎం తాళాన్ని చెరిపేయనా అని అడుగుతోందది. మీ డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ రక్షణ ఉంటే, తాళం పోయాక 48 అంకెల రికవరీ కీ కొట్టనిదే డిస్క్ తెరుచుకోదు. పెళ్లి ఫుటేజీ అంతా లోపలే ఉండిపోతుంది. పాత ప్రాసెసర్ ఉన్నప్పుడే సెట్టింగుల్లో బిట్‌లాకర్ ఉందో లేదో చూడండి. ఉంటే ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపండి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.