ఇత్తడి గొంతు

నేను టెనర్ శాక్సాఫోన్‌ని. పుట్టింది మీరట్‌లో, బతుకుతున్నది ఇంద్రేశంలో ఒక బ్యాండు మేళంతో. ఒళ్లంతా ఇత్తడే గానీ, నన్ను పలికించేది మౌత్‌పీస్‌కు బిగించిన రీడ్ అనే గడ పేడు. అది అదిరితేనే నాకు గొంతు. 1846లో పారిస్‌లో నాకు పేటెంటు తీసుకున్నాడు అడాల్ఫ్ సాక్స్. నన్ను ముందుగా చేరదీసింది మిలటరీ బ్యాండ్లు. అంటే వీధిలో అరవడం నాకు పుట్టుకతోనే వచ్చిన విద్య.

పటాన్‌చెరు పక్క బారాత్ అంటే డీజే, పటాకులు, లారీల హారన్లు. వాటన్నిటి మీదా వినపడాలి కదా, అరుస్తాను. నన్ను వాయించే పెద్దాయన సినిమా పాట ఎత్తుకుంటే జనం ఎగురుతారు, మాకు కూలి గిడుతుంది.

ఆయన అన్న కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. సెలవునాడు నన్ను పట్టుకుంటాడు. ఓ రోజు ఫోనులో ఏదో పెట్టి, "కాకా, గిది ఇను" అన్నాడు.

అది జాజ్ శాక్సాఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 'బాలడ్స్'. 1961, 62లలో రికార్డు చేసి 1963లో విడుదల చేసిన ఆల్బం. పియానో మెకాయ్ టైనర్, బాస్ ఎక్కువగా జిమ్మీ గారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్, నడుమ నాలాంటిదే ఒక టెనర్. ఎనిమిది ప్రేమ పాటలు, అరగంట పైచిలుకు. 1961లోనే ఒక విమర్శకుడు కోల్ట్రేన్ వాయించేది జాజ్‌కే విరోధమన్నాడు. అలాంటి మనిషి ఇక్కడ వరస చెదరకుండా, తొందర లేకుండా పాడినట్టే ఊదాడు. ఆ పాటల్లో సగం హాలీవుడ్ సినిమాలవే. అంటే మా మేళం పనే, మాటల్లేకుండా సినిమా పాట!

పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. "ఈయినెకు పాట మాటలు ఎరికెరా. దమ్ము ఏడవడితె ఆడ తీస్తలేడు సూడు."

మరో టెనర్ విద్వాంసుడు డెక్స్టర్ గోర్డన్ బాలడ్ ఎత్తుకునే ముందు దాని మాటలు సభకు చదివి వినిపించేవాడు. ఆ సంగతి తెలియకుండానే మా పెద్దాయన అక్కడికి చేరాడు.

పిల్లగాడు అలా ఊదబోతే నాకే చిక్కొచ్చింది. కింది స్వరాలు మెల్లగా పలకాలంటే నా మూతలు దాదాపు అన్నీ గట్టిగా మూసుకోవాలి. బారాత్‌ల దుమ్ముకు ఆ మూతల కింది ప్యాడ్లు అరిగాయి. గాలి కారి పలుకు చీలింది. అరిచినన్నాళ్లూ ఈ లోపం ఎవరికీ దొరకలేదు.

ప్యాడ్లు మార్పించారు. ఇప్పుడు పెద్దాయన పాట నేర్పేముందు మాటలు అప్పజెప్పించుకుంటాడు. బారాత్‌లో అరుపు అరుపే. అప్పగింతలప్పుడు మాత్రం నన్ను పిల్లగాడికిస్తాడు. ఆ కాసేపు డీజే కూడా బందు పెడతారు.