దుబ్బాకలో కుక్కకు ప్రమోషన్

మా దుబ్బాక చుట్టుపక్కల ఏ జంతువుకూ రాత్రి ఉన్న హోదా పొద్దున ఉండదు. వీధికుక్క ఒకటి మక్కచేను గట్టు మీదుగా తన దారిన తాను పోతుంది. తెల్లారి మోటరు పెట్టడానికి వచ్చిన పిల్లగాడు బురదలో అడుగు చూసి ఫోను తీస్తాడు. వాడు చాయ్ హోటల్ దాకా వచ్చేసరికి అది చిరుత. సంగతి సిద్దిపేట చేరేసరికి రెండు చిరుతలు. సాయంత్రానికి మెదక్‌లో ఉండే మా మేనత్త ఫోన్ చేసి, "పిల్లలు గూడ ఉన్నయట గదరా, చీకటి వడ్డంక బయటికి వోకు" అంటుంది. ఒక్క పూటలో ఇన్ని మెట్లెక్కడం సర్కారు నౌకరీలో కూడా సాధ్యం కాదు.

దీనికి భయం కారణమని అందరూ అంటారు. నేను నమ్మను. ఇది పరువు వ్యవహారం. మేకపిల్లను కుక్క ఎత్తుకుపోయిందంటే కావలివాడు నిద్రపోయాడని అర్థం. చిరుత ఎత్తుకుపోయిందంటే అదే కావలివాడికి నాలుగు రోజులు చాయ్ ఊరికే వస్తుంది. ఇక 2017లో మన పక్కనే కొండపాకలో సబ్సిడీ గొర్రెల పథకం మొదలైనప్పటి నుంచి, మందలో తగ్గిన ప్రతి గొర్రె లెక్కా చిరుత ఖాతాలోనే పడుతోంది. అన్ని గొర్రెలు తింటే ఏ చిరుతా గుట్ట ఎక్కలేదు.

అడుగు ఫొటో తీసేటప్పుడు పక్కన కొలతకు ఏదైనా పెట్టాలని తెలిసినవాళ్లు చెబుతారు. స్కేలో, రూపాయి బిళ్లో. దుబ్బాక చేనేతకూ బీడీలకూ పేరుపడ్డ ఊరు కాబట్టి ఇక్కడ బీడీయే కొలబద్ద. నిండు బీడీ పక్కన పెడితే అడుగు కుక్కదిలాగే ఉంటుంది. కాల్చి పడేసిన పీక పెడితే అదే అడుగు చిరుతది. వాట్సాప్‌లో నాకు వచ్చిన ఫొటోలన్నిటిలోనూ పీకే ఉంది.

చిరుత అడుగు గుర్తుపట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. వెడల్పు దాదాపు 7 నుంచి 9 సెంటీమీటర్లు. నాలుగు వేళ్లు, వాటి వెనక పెద్ద మెత్త. ఆ మెత్త వెనక అంచు మూడు ఉబ్బులుగా ఉంటుంది. గోళ్ల గుర్తులు పడవు. పిల్లిజాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, కుక్కకు ఆ సౌకర్యం లేదు. తడిసిన రేగడి మీద మాత్రం ఏ అడుగైనా వాచిపోయి కనిపిస్తుంది. అందుకే వానాకాలంలో మా దగ్గర చిరుతల సంతతి పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది.

ఈ సంగతులన్నీ మా ఊళ్లో గొర్లు కాసే తాతకు పుస్తకం లేకుండానే తెలుసు. ఊరంతా ప్రమోషన్లు ఇస్తుంటే, ఒక్కడే కూర్చుని అందర్నీ కిందికి దింపుతుంటాడు. ఒకసారి డిగ్రీ చదివే పిల్లగాడు ఫొటో పట్టుకుని ఆయన దగ్గరికి పోయాడు.

"గోర్లు కనవడ్తున్నయ్ గదా కొడుకా. చిర్త గోర్లు బయటపెట్టుకోని తిరుగుతదా?"

"ఉరికేటప్పుడు బయటికొస్తయ్ తాతా. నెట్‌ల చూసిన."

పిల్లగాడు చెప్పింది అబద్ధం కాదు. పరుగెత్తినా జారినా పిల్లిజాతి గోళ్లు కూడా నేలకు గుచ్చుకుంటాయి. తాత ఫొటో పక్కన పెట్టి, వాణ్ని వెంటబెట్టుకుని అడుగుల వెంట నడిచాడు.

"ఉరికితే అడుగుకు అడుగుకు సందు వెరుగుతది. ఇది నిమ్మలంగ నడిచింది. గా కరెంటు స్తంభం కాడ మూడు కాళ్ల మీద నిలవడ్డది. చిర్తకు స్తంభంతోని ఏం పని?"

ఆ పిల్లగాడు ఫొటో డిలీట్ చేశాడో లేదో తెలియదు. గ్రూపులో మాత్రం ఇంకా తిరుగుతోంది.

తాత ఏ అడుగునైనా కూర్చుని చూస్తాడు, పుల్లతో కొలుస్తాడు, చుట్టూ ఇంకో రెండు వెతుకుతాడు. మా పొలం గట్టు మీది అడుగును మాత్రం నిలబడే చూసి, "కుక్కది" అని గొర్ల వెనక పోయాడు. నాకు కొంచెం చిన్నతనమే అనిపించింది. ఊళ్లో అందరి పొలాలకూ చిరుతలొచ్చి, మా పొలానికి కుక్కా?

అసలు నష్టం చేసేది అడవిపంది. దాని ఫొటో ఎవరూ తీయరు. చీలిన గిట్ట, దాని వెనక అటొకటి ఇటొకటి రెండు చిన్న గుర్తులు. వచ్చిన చోట నేలంతా ముట్టెతో తవ్వి ఉంటుంది, పక్క చెట్టు బెరడుకు ఒళ్లు రుద్దిన బురద అంటి ఉంటుంది. ఇన్ని సాక్ష్యాలు వదిలి పోయే దొంగ ఇంకొకడు లేడు. అయినా పంది వచ్చిందని చెబితే వినేవాళ్లు ఆవులిస్తారు. రైతులు చేను చుట్టూ పాత చీరలు కడతారు. నేత ఊరు కదా, రంగులకు లోటు లేదు. మనిషి వాసనకు జంకుతుందని సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు. ఊళ్లో బట్టతలలు ఎక్కువైతే మక్కలకు కష్టకాలమే.

అడుగుల కంటే లోతైన విద్య పెంటలది. కుందేలువి గుండ్రటి ఎండు పెంటికలు. నక్క తన పని గడ్డిలో కానివ్వదు, బాట మీద ఎత్తైన రాయి చూసుకుంటుంది. అందులో వెంట్రుకలూ రేగు గింజలూ ఉంటాయి. మానుపిల్లి దాంట్లో ఈత గింజలు దొరుకుతాయి. దుమ్ములగొండిది ఎండితే సున్నంలా తెల్లబడుతుంది, అది ఎముకలు నమిలి మింగే జీవం కాబట్టి. పోచారం అడవి వైపు పోతే ఎలుగుబంటిది కూడా చూడొచ్చు. ఒకప్పుడు నిజాములు వేటాడిన చోటు అది, 1952లో అభయారణ్యమైంది. కాలాన్ని బట్టి ఎలుగు పెంటలో చీమల పెంకులో, తునికి గింజలో ఉంటాయి. తునికి ఆకు మా ఇండ్లలో బీడీకి, పండు ఎలుగుబంటికి. ఈ పంపకంలో ఇంతవరకు తగాదా రాలేదు.

వీటిని చేత్తో ముట్టకూడదు, పురుగుల గుడ్లుంటాయి. పుల్లతో విప్పి చూడాలి. నేను విప్పి, ఫొటో తీసి దాచుకుంటాను. కష్టమంతా చుట్టాలు వచ్చినప్పుడే. మా మరదలు నిశ్చితార్థం ఫొటోలు చూపించమని ఫోను అడుగుతుంది. పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల, దండలు, ఇంకొకటి జరిపితే నక్కది. "ఇదేం స్వీటు బావా?" అని ఆమె దగ్గరగా పెట్టుకుని చూడటం, మా ఇంటామె నన్ను చూడటం ఒకేసారి జరిగాయి.

కచ్చితంగా తేల్చుకోవాలంటే హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గర సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది. చిటికెడు పెంటలోని డీఎన్‌ఏ పట్టుకుని ఏ జంతువో చెప్పగల విద్య అక్కడ ఉంది. కానీ మా వాళ్లెవరికీ తేల్చుకోవాలని లేదు. రిపోర్టులో కుక్క అని వస్తే చాయ్ ఎవడు పోయిస్తాడు?

మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు కాస్త దేశం లెక్కలు కూడా చూడాలి. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి పులి అడుగులతో పులుల్ని లెక్కబెట్టే పద్ధతి తెచ్చారు. అడుగు మీద అద్దం పలక పెట్టి గీసుకోవడం, దాన్ని కాగితం మీదికి ఎక్కించడం. దశాబ్దాల పాటు దేశమంతా ఇలాగే లెక్కబెట్టింది. ఒకే పులి నాలుగు రకాల నేల మీద నడిస్తే నాలుగు రకాల అడుగులు పడతాయని కాగితానికి తెలియదు. 2005కల్లా రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి, అడవిలో ఒక్కటీ లేదు. దేశంలో 3,642 పులులని 2002 నాటి లెక్క. 2006లో కెమెరాలు పెట్టి కొత్త పద్ధతిలో అంచనా వేస్తే 1,411. బీడీ పీక ఒక్క దుబ్బాకలోనే లేదు.

ఈ లెక్కలన్నీ ఓ సాయంత్రం తాతకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నాకు నిజంగ చిర్త అడుగు దొరికితే ఏం జేస్త ఎరుకేనా? కాలుతోని చెరిపేస్త. అడిగినోనికి కుక్క అని చెప్త."

"ఎందుకు తాతా?"

"చిర్త అంటే ఊరంత కట్టెలు వట్టుకోని ఉరికొస్తది. అది బెదిరి ఎటు వోతదో ఎవనికెరుక? నా గొర్లు చెదురుతయ్. మూడొద్దులైతే అదే వోతది."

నాకు మా గట్టు గుర్తొచ్చింది.

"మరి మొన్న మా పొలం కాడ కూసోకుండనే కుక్కది అన్నవు గదా?"

"అవ్, కుక్కదే" అన్నాడు తాత, బీడీ ముట్టించుకుంటూ. "పొద్దుమీకినంక ఒక్కనివి వోకు, గంతే."