మోకాలికీ గేరుబాక్సుకీ

యాభై దాటాక ఎడమ మోకాలు నొప్పి పెడితే లోకంలో అందరూ డాక్టరు దగ్గరికి పోతారు. నేను బెంగళూరు గుజిరీకి పోయి గేరుబాక్సు తెచ్చుకున్నాను.

ఇందులో తర్కం లేకపోలేదు. ఎడమ కాలితో నేను చేసే బరువైన పని ఒక్కటే, మా మిలిటరీ బండి క్లచ్చి తొక్కడం. ఆటోమేటిక్ బండికి క్లచ్చి పెడలే ఉండదు. పెడలు లేకపోతే తొక్కే పని లేదు, తొక్కే పని లేకపోతే నొప్పి లేదు. ఇంత స్పష్టంగా విడమరిచి చెబితే మా ఆవిడ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, "నొప్పి మీకు. వైద్యం లారీకా?" అంది.

బండి సంగతి చెప్పాలి. జబల్పూరులో సైన్యం కోసం కట్టిన నిస్సాన్ వన్ టన్ను అది. జోంగా జీపు చూసినవాళ్ళకు దాని పెద్దన్న అని చెబితే చాలు. ఇద్దరికీ ఇంజను ఒకటే: 3956 సీసీ, ఆరు సిలిండర్లు, పెట్రోలు. సైన్యం వాడినన్నాళ్ళు వాడి వేలం వేసింది. పాట పాడినవాడు ఇంకొకడికి అమ్మాడు, వాడు మరొకడికి. ఇక అమ్మడానికి జిల్లాలో ఎవరూ మిగలనప్పుడు నేను దొరికాను. పుంగనూరు ఆవు మూడడుగులు దాటదు, చారెడు మేత మేసి చిక్కటి పాలిస్తుంది. మా బండి సరిగ్గా దానికి తిరగేసిన జాతి.

పైగా దాని బ్యాటరీ ఎప్పుడూ నీరసంగానే ఉంటుంది. పొద్దున్నే తోయాలి. పాలబ్బాయి, ఎదురింటి రిటైర్డు మాస్టారు, ట్యూషనుకు పోయే పిల్లలు, అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి జనగణమనకు బాణీ కట్టించుకున్న ఊరు మా మదనపల్లె. మా బండి బయల్దేరేటప్పుడు కూడా వీధి వీధంతా లేచి నిలబడుతుంది.

ఆవిడను ఒప్పించడానికి చరిత్ర తిరగేశాను. "మిలిటరీ బండికి ఆటోమేటిక్ ఏమిటని నవ్వకు. జనరల్ మోటార్స్ వాళ్ళు హైడ్రామాటిక్ అనే గేరుబాక్సును 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కారులో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే ఎం-5 స్టువర్ట్ ట్యాంకులోకి ఎక్కింది. కొరియా యుద్ధం నాటికి జీఎంసీ ఎం-135 అనే సైనిక ట్రక్కుకే పెట్టారు" అన్నాను.

"ఆ తర్వాత?"

ఇక్కడ కాస్త నీళ్ళు నమిలాను. ఆ తర్వాత అమెరికా సైన్యం చేత్తో గేర్లు వేసే ఎం-35 వైపే మొగ్గింది.

"వాళ్ళే వద్దనుకున్నదాన్ని మీరు పెట్టుకుంటారా?"

"1990ల్లో మళ్ళీ కావాలనుకున్నారు! పాత ఎం-35లకే కొత్త ఇంజనూ, అలిసన్ ఆటోమేటిక్ బాక్సూ బిగించి ఎం-35ఏ3 అని పేరు పెట్టారు."

"వాళ్ళకు నలభై ఏళ్ళు పట్టిందన్నమాట. మీరూ అంతకాలం ఆలోచించుకోండి" అని చేట అందుకుంది. నేను ఆ సాయంత్రమే బెంగళూరు బస్సెక్కాను.

గుజిరీలో దొరికింది పాత ల్యాండ్ క్రూజరు తాలూకు నాలుగు గేర్ల ఆటోమేటిక్. దాంతోపాటు టార్కు కన్వర్టరు, అదొక పెద్ద ఇనుప గుమ్మడికాయ. ఇంటికి తెచ్చి, తాత్కాలికంగా, వసారాలో పెట్టాను. మన ఇళ్ళలో తాత్కాలికంగా పెట్టిన వస్తువుకున్నంత ఆయుష్షు మరి దేనికీ ఉండదు. ఆటోమేటిక్ బాక్సు నూనె ఎర్రగా ఉంటుందని నాకు తెలుసు గానీ ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. తెల్లారి వసారాలో ఎర్రటి మడుగు చూసి పనిమనిషి పెట్టిన కేక టమోటా మండీ దాకా వినిపించి ఉంటుంది.

పుంగనూరు మెకానిక్కు మంచివాడు. బండిని షెడ్డులో ఎక్కించి, పాత గేరుబాక్సు దించి, కొత్తదాని పక్కన పెట్టి, రెంటి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. ఇంజను వెనక బోల్టు రంధ్రాలు ఒకచోట, బాక్సు మూతి రంధ్రాలు ఇంకొకచోట. "కుదరదు సా" అన్నాడు.

"రెండూ జపాను సరుకే కదప్పా, ఎందుకు కుదరదు?"

"మా ఇంట్లో కోడళ్ళిద్దరూ పలమనేరోళ్ళే సా. కుదిరిందా?"

బండి అలా డొక్క తెరుచుకుని పడున్న రోజుల్లోనే 2023 జూలై వచ్చింది. మదనపల్లె మండీలో టమోటా కిలో నూరు రూపాయలు దాటింది. ఊళ్ళో చక్రాలున్న ప్రతి వస్తువూ క్రేట్లు మోస్తోంది. మా మామగారు కుప్పం నుంచి ఫోను చేసి, "అల్లుడూ, తోటలో పంట ఉండాది, నీ మిలిటరీ లారీ పంపించు" అన్నారు. అది పుట్టి బుద్ధెరిగాక నాలుగు డబ్బులు సంపాదించగలిగిన నెల అదొక్కటే. ఆ నెలంతా దాని గేరుబాక్సు ఓ గోనెపట్టా మీద నిద్రపోయింది.

పాత బాక్సునే మళ్ళీ ఎక్కించి, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం తోలుకుపోయాను. అక్కడొక లేతు మేస్త్రీ ఉన్నాడు. కేజీఎఫ్‌లో బీఈఎంఎల్ డోజర్ల మీద పనిచేసి వచ్చిన మనిషి, టార్కు కన్వర్టరంటే మా అత్తగారికి రోకలి ఎంతో ఆయనకు అంత. స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, నా కలను ముక్క ముక్కగా విప్పాడు.

రెండు రంధ్రాల వరుసలనూ కలపడానికి మందపాటి ఇనుప పలక కోసి మధ్యలో పెట్టాలి. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేరుబాక్సు ముందు ఆయిల్ సీలు, పంపు నమిలేసుకుంటాయి. బరువైన ఫ్లైవీలు తీసేసి పల్చటి ఫ్లెక్సు ప్లేటు వెయ్యాలి. ముందు చక్రాలకు పవరు పంచే పెట్టె వెనక్కి జరుగుతుంది గనక ఒక జాయింటు షాఫ్టు కురచ చెయ్యాలి, ఇంకొకటి పొడుగు చెయ్యాలి. కన్వర్టరులో ఇంజను తిప్పిన నూనె ఎదుటి రెక్కల్ని తోస్తుంది, ఆ తోపులాటలో నూనె కాగిపోతుంది, దానికి వేరే కూలరు. యాక్సిలరేటరు ఎంత తొక్కుతున్నామో బాక్సుకు చెప్పడానికి ఒక కేబులు. అది సరిగ్గా చెప్పకపోతే గేరు పడాల్సిన చోట పడదు. ఇన్నీ అయ్యాక హార్సిలీ హిల్స్ దిగేటప్పుడు ఇంజను పట్టు తగ్గుతుంది గనక బ్రేకులూ మార్చాలి.

నేను అన్నిటికీ తలూపాను. అప్పుడడిగాడు.

"బ్యాటరీ దిగిపోతే ఏం చేస్తారు సార్?"

"తోస్తాం."

"ఎవురు?"

"వీధంతా."

"ఇది బిగించినాక వాళ్ళను ఇంటికి పంపించేయండి. కన్యాకుమారి దాకా తోసినా స్టార్టు గాదు."

సంగతేమిటంటే, ఆటోమేటిక్ బాక్సులో పట్టు పుట్టేది నూనె ఒత్తిడి వల్ల. ఆ నూనె పంపును తిప్పేది ఇంజను. ఇంజను నిద్రపోతుంటే చక్రాలు ఎంత తిరిగినా ఆ తిప్పుడు ఇంజను దాకా చేరదు. మా బండి బతుకే తోపుడు మీద ఆధారపడింది. పాలబ్బాయి మొహం కళ్ళముందు కదిలింది.

ఇది చాలదన్నట్టు మా బావమరిది చట్టం పట్టుకొచ్చాడు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52: కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. బ్రేకినస్పెక్టరు వచ్చి అడిగితే ఏం చెబుతావు బావా అని ఎంత ఆనందంగా అడిగాడో!

మేస్త్రీ మాత్రం జాలిపడ్డాడు. క్లచ్చి పెడలు చేత్తో నొక్కి, బండి కిందికి దూరి చూశాడు. "ఈ షాఫ్టుకు గ్రీజు కొట్టి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. ఎన్నాళ్ళేమిటి, అక్కడ గ్రీజు నిపుల్ ఉందనే నాకు తెలియదు. మట్టి గీకి, గ్రీజు గన్ను పెట్టి నాలుగు దెబ్బలు కొట్టాడు. పెడలు వెన్నలా దిగింది. డబ్బులు తీసుకోలేదు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

అయినా మోకాలు నొప్పి తగ్గలేదు. చివరికి మా ఆవిడే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. క్లచ్చి కథంతా విని ఆయన, "నెలకెన్నిసార్లు తోలుతారు?" అన్నాడు. స్టార్టయితే ఒకసారి అన్నాను. మారుమాటాడకుండా నన్ను బరువు తూచే యంత్రం ఎక్కించాడు. ముల్లు ఆగిన చోటు ఇక్కడ రాయను. ఆ అంకె మా ఆవిడ పుట్టింటి వైపు వాళ్ళందరికీ తెలుసు.

గేరుబాక్సు వసారాలోనే ఉంది. పోయిన ఆయుధపూజకు మా అత్తగారు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కన్వర్టరు ముందు నిమ్మకాయ కోసింది. బండి లేకుండా పూజలందుకుంటున్న గేరుబాక్సు రాయలసీమలో ఇదొక్కటే అనుకుంటాను. చదువరుల్లో ఎవరికైనా పాత ల్యాండ్ క్రూజరు ఉండి, బాక్సు పోయి ఉంటే దయచేసి మదనపల్లె రండి. కన్వర్టరు ఉచితం. బేరం మా ఆవిడతో మాట్లాడుకోవాలి. డబ్బు తప్ప మార్పిడికి ఏ వస్తువు తెచ్చినా గేటు దాటనివ్వదు. మోసుకుపోవడానికి ఇద్దరు మనుషుల్ని వెంట తెచ్చుకోండి. నాకు మోకాలు నొప్పి.