ఇది అందరికీ కాదు: టీకా తాత్పర్య సహితము

మూలం: ఇది అందరికీ కాదు, ఓపిక ఉండాలి, ఒరిజినల్ ప్రెస్సింగ్ మీద వినకపోతే విన్నట్టు కాదు.

అవతారిక: జాజ్ సంగీతంలో అవాంట్‌గార్డ్ అనే శాఖ ఒకటుంది. స్వరానికీ తాళానికీ పూర్వులు వేసిన కట్లు తెంచుకుని వాయించే శాఖ అది. అందులో శాక్సఫోన్ రికార్డుల ప్రస్తావన రాగానే రసికులు పై సూత్రం పలుకుతారు. కర్త ఎవరో తెలియదు. న్యూయార్క్‌లో విన్నా, లండన్‌లో విన్నా, బెర్లిన్‌లో విన్నా అక్షరం తేడా ఉండదు. వేదానికైనా శాఖాభేదాలున్నాయి గానీ దీనికి లేవు. అందుచేత దీన్ని అపౌరుషేయంగానే స్వీకరించి వ్యాఖ్యకు పూనుకుంటున్నాను.

మన మెదక్ సీమవాడు కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ రెండు ప్రతిజ్ఞలు చేశాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోతుంది. దుష్టవ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బతికించడానికి సంజీవని తెచ్చానని కూడా ఆయన చెప్పుకున్నాడు. ఇక్కడ మూర్ఛిల్లింది జాన్ కోల్ట్రేన్, ఆర్నెట్ కోల్మన్, ఆల్బర్ట్ ఐలర్ల వాద్యం. చిక్కల్లా ఏమిటంటే నేను వ్యాఖ్యానిస్తున్నది వాళ్లను కాదు, విషాన్ని.

ప్రతిపదార్థం: ఇది = ఏ రికార్డైనా. అందరికీ = నాకు తప్ప తక్కిన అందరికీ. మిగిలిన పదాలు సుబోధాలు, వదిలేశాను.

అధికారి విచారం: శాస్త్రగ్రంథం మొదలుపెట్టేవాడు నాలుగు సంగతులు చెప్పాలన్నారు పెద్దలు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. దేని గురించి, ఎందుకు, దానికీ దీనికీ పొత్తేమిటి, చదవడానికి అర్హుడెవడు. మన సూత్రకారుడు మొదటి మూడింటినీ ఒక్క పెట్టున విడిచిపెట్టి నాలుగోదాన్నే పట్టుకున్నాడు. రికార్డులో ఏముందో చెప్పడు. ఎందుకు వినాలో చెప్పడు. ఎవరు వినకూడదో మాత్రం చెబుతాడు. వేదాంతికి వివేకం, వైరాగ్యం, శమదమాదులు, ముముక్షుత్వం ఉంటే చాలు. ఇక్కడ వాటికి తోడు అల్మరా నిండా రికార్డులుండాలి, ఏది ఏ కంపెనీ ఏ ఏడు వేసిందో నోటికి రావాలి.

ఈ అర్హత పరీక్ష పెట్టింది వాద్యకారులు కారు. ఆర్నెట్ కోల్మన్ 1930లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో బతుకుతెరువుకు ఒక పెద్ద అంగడిలో లిఫ్టు నడిపాడు. 1954లో కొత్త వాయిద్యం కావలసి వచ్చి, ఇత్తడిది కొనే స్తోమత లేక ప్లాస్టిక్ శాక్సఫోన్ కొన్నాడు. ఇంగ్లండ్‌లో తయారయ్యే గ్రాఫ్టన్ అది, తెల్లగా బొమ్మలా ఉండేది. అంతకు ముందు ఏడాది శాక్సఫోన్ మేటి చార్లీ పార్కర్ టొరంటో కచేరీలో వాయించిందీ గ్రాఫ్టనే. ఇవాళ ఆ ప్లాస్టిక్ నాదంలోని విశిష్టత గురించి రసికులు చెప్పే మాటలు వింటే, ఆర్నెట్ లోకంలోని లోహాలన్నిటినీ పరీక్షించి, పెదవి విరిచి, దీన్ని వరించాడనిపిస్తుంది. చేతిలో డబ్బులు లేవయ్యా, ఇతి భావః.

1959 నవంబరులో ఆయన న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్‌లో వాయించడం మొదలుపెట్టాడు. అదేమీ గురుకులం కాదు, బీరు అమ్మే చోటు. వచ్చినవాళ్లలో లెనార్డ్ బెర్న్‌స్టైన్ వంటి సంగీత ఉద్దండులున్నారు, గ్లాసు ముందు పెట్టుకుని కబుర్లాడుకునే వాళ్లూ ఉన్నారు. కొందరు మహత్తన్నారు, కొందరు మోసమన్నారు. వాకిట్లో నిలబడి నీకు ఓపిక ఉందా అని అడిగినవాడు లేడు.

పూర్వపక్షం: నను, ఈ సంగీతం నిజంగానే కష్టం కదా, ఓపిక అవసరమే కదా అంటారేమో. అత్రోచ్యతే. ఐలర్ 1964 జూలైలో చేసిన ‘స్పిరిచువల్ యూనిటీ’ తీసుకోండి. రికార్డు మొత్తం కలిపి 30 నిమిషాలు కూడా లేదు. శాక్సఫోన్, బాస్, డ్రమ్స్, అంతే. అందులోని ‘గోస్ట్స్’ వరస చిన్నపిల్లలు కూనిరాగం తీసుకునేంత సులువు. ఐలర్ సైన్యంలో ఉన్నప్పుడు బ్యాండులో వాయించినవాడు, ఆ కవాతు వాసన వరసకు అంటుకునే ఉంది. ముందు వరస వాయిస్తాడు, తర్వాత దాన్ని పట్టుకుని అరుస్తాడు, ఏడుస్తాడు, నవ్వుతాడు. ఓపిక ఎక్కడ కావాలి? కావలసింది కాస్త సిగ్గు విడవడం. పెళ్లిపందిట్లో తాళి కట్టే వేళ గట్టిమేళం మోగుతుంది. సన్నాయిలూ డోళ్లూ ఉన్న శక్తినంతా కూడగట్టుకుని ఒక్కసారి విరుచుకుపడతాయి. ఇది అందరికీ కాదు అని ఆ పందిట్లో ఎవరైనా అన్నారా? అక్షింతలు వేసి కళ్లు తుడుచుకున్నారు.

ఒక్కచోట మాత్రం ఓపిక మాటకు తల ఒగ్గుతాను. ఆంథొనీ బ్రాక్స్టన్ 1969లో చేసి, 1971లో షికాగోలోని డెల్మార్క్ కంపెనీ ద్వారా వెలువరించిన ‘ఫర్ ఆల్టో’. రెండు ఎల్పీల నిండా ఒకే ఒక్క ఆల్టో శాక్సఫోన్, తోడుకు డ్రమ్సు దెబ్బ కూడా లేదు. ఈయన తన రచనలు చాలావాటికి పేర్లకు బదులు రేఖాచిత్రాలు పెట్టాడు. పదమే లేనిచోట ప్రతిపదార్థం ఎలా రాసేదని వ్యాఖ్యాతలు తలపట్టుకోవలసిందే. అక్కడ ఓపిక ఉండాలి, నిజమే. అదైనా చెవికి కావలసిన ఓపికే. దాన్ని మెడలో పతకంలా వేసుకు తిరగడం దేనికి?

పాఠాంతర విచారం: ఇక మూడో చరణం, ఒరిజినల్ ప్రెస్సింగ్, అంటే రికార్డు తొలి ముద్రణ. ఇక్కడ ఈ వ్యాఖ్యాతకు ప్రాణం లేచి వచ్చింది. పాఠాంతరాలంటే మనకు మహా ఇష్టం. గంటం జారి అక్షరం మారుతుంది, తాళపత్రానికి చెద పట్టి పాదం ఎగిరిపోతుంది, రాయసగాడికి నిద్ర వచ్చి పద్యమే ఎగిరిపోతుంది. వేమన పద్యాల కోసం బ్రౌను దొర ఊరూరి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూసి, ఏది వేమన్నది ఏది కాదు అని కొట్టుకుచచ్చాడు. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరిస్తే, ఏ పద్యం ఎవరిదని ఇప్పటికీ మనవాళ్లు నిద్ర మానుకుని వాదించుకుంటారు. కుమారసంభవానికి మల్లినాథుడు ఎనిమిది సర్గల వరకే వ్యాఖ్య రాశాడు, తరువాయి సర్గలు కాళిదాసువి కావని పండితుల మాట. ఇన్ని కష్టాలకూ కారణం ఒకటే: కవి పోయాడు, అడగడానికి లేడు.

కవి బతికుండగానే, తానే పాఠం మార్చి, అట్ట మాత్రం మార్చకుండా వదిలేస్తే ఎలా ఉంటుంది? అంతటి విందు మన సాహిత్యంలో నాకు దొరకలేదు, న్యూజెర్సీలో దొరికింది.

1965 జూన్ 28. ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. కోల్ట్రేన్ తనతో కలిపి 11 మందిని కూర్చాడు. టెనర్ శాక్సఫోన్ల మీద తనూ, ఫారో శాండర్సూ, ఆర్చీ షెప్పూ. ఆల్టోల మీద మారియన్ బ్రౌనూ, జాన్ చికాయీ. రెండు ట్రంపెట్లు, రెండు బాసులు, పియానో మీద మెకాయ్ టైనర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. అందరూ కలిసి ఒక ఘోష, అందులోంచి ఒక్కడు బయటికొచ్చి వాయించడం, మళ్లీ ఘోష. రచన పేరు ‘అసెన్షన్’. దాన్ని రెండుసార్లు పూర్తిగా వాయించారు, ఒకటి 38 నిమిషాల పైచిలుకు, మరొకటి 40 నిమిషాల పైచిలుకు. ఇంపల్స్ కంపెనీ 1966లో వాటిలో ఒకదాన్ని విడుదల చేసింది. తర్వాత కోల్ట్రేన్ అది కాదు, రెండోదే ఉండాలన్నాడు. కంపెనీ అదే అట్టలో, అదే పేరుతో రెండోదాన్ని పెట్టి అమ్మింది. తేడా తెలియాలంటే రికార్డును దీపం కింద పెట్టి, సంగీతం అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ గాడి చూడాలి. అక్కడ ‘ఎడిషన్ టూ’ అని గీకి ఉంటే అది మలిపాఠం. మన కావ్యాల్లో ఆశ్వాసాంత గద్య చేసే పని ఈ గీకుడు చేసిందన్నమాట. రెండు పాఠాలూ ఒకేచోట సీడీ మీదికి రావడానికి 1992 దాకా ఆగవలసి వచ్చింది.

తేడా అంటే అక్షర దోషాల తేడా కాదు. మొదటి పాఠంలో ఎల్విన్ జోన్స్ సోలో ఉంది, రెండోదాంట్లో లేదు. సోలోల వరస కూడా మారింది. అంటే 1966 తర్వాత ఇద్దరు రసికులు ఒకే అట్ట కొనుక్కుని, ఒకే పేరు చెప్పుకుని, వేర్వేరు సంగీతాల మీద ఏళ్లతరబడి వాదించుకోగల వెసులుబాటు దొరికింది. డ్రమ్స్ సోలో అద్భుతం అని ఒకడు, ఏ సోలో అని ఇంకొకడు, నీకు వినడం రాదు అని మొదటివాడు. ఈ దృశ్యం ఊహించుకున్నప్పుడల్లా నాకు కలిగే ఆనందం బ్రహ్మానంద సహోదరం. పాఠపరిష్కర్తలు దీని మీద ఒక సంపుటం వేయవచ్చు. కవి చివరి మాటే ప్రమాణమా, లోకంలోకి మొదట వెళ్లిన మాట ప్రమాణమా? నన్నడిగితే...

ఎక్కడున్నాం? ఒరిజినల్ ప్రెస్సింగ్ దగ్గర. సూత్రకారుడి మాట ప్రకారం అసెన్షన్‌కు ఒరిజినల్ ప్రెస్సింగ్ అంటే మొదటి పాఠం. అంటే కోల్ట్రేన్ వద్దని వెనక్కి తీసుకున్నది! కవి కొట్టేసిన పద్యాన్ని వెతికి పట్టుకుని, అది విననివాడు కవిని విన్నట్టు కాదనడం ఏ అలంకారశాస్త్రంలో ఉంది? అసలు తొలి ప్రతులు అపురూపం కావడానికి కారణం కూడా తలుచుకోవాలి. జర్మన్ శాక్సఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రోట్స్‌మన్ 1968లో బ్రెమెన్‌లో ‘మెషీన్ గన్’ చేసి, తన డబ్బుతో 300 కాపీలు వేయించుకున్నాడు. అట్ట మీద బొమ్మ కూడా తనే వేసుకున్నాడు. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. ఆ లేమి ఇవాళ అల్మరాల్లో హోదాగా కూర్చుంది.

అలంకారం: అప్రస్తుతప్రశంస. అట్ట, లేబుల్, ప్రతి వెల, సొంత ఓపిక, అన్నిటికీ ప్రశంస దక్కింది, ప్రస్తుతమైన శాక్సఫోన్‌కు తప్ప.

విశేషాంశం: రసికులు అభిప్రాయాలు చెప్పుకోవడమే తప్పని నేననను. చెప్పుకున్నవాళ్లున్నారు. 1960 డిసెంబరు 21న ఆర్నెట్ ‘ఫ్రీ జాజ్’ చేశాడు. రెండు క్వార్టెట్లు ఒకేసారి, ఎడమ చానెల్‌లో ఒకటి, కుడి చానెల్‌లో ఒకటి, 37 నిమిషాలు ఆగకుండా. 1962 జనవరిలో డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక దానికి రెండు సమీక్షలు ఒకే సంచికలో వేసింది. పీట్ వెల్డింగ్ అయిదు నక్షత్రాలిచ్చాడు. జాన్ టైనన్ ఒక్కటీ ఇవ్వలేదు. అంతకు కొద్ది నెలల ముందు కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీలు వాయించేది జాజ్‌కే విరోధి అన్నవాడు కూడా ఈ టైననే. నా లెక్కలో ఆయన తీర్పు తప్పు, ఘోరంగా తప్పు. అయినా ఆయన కూర్చుని విన్నాడు, ఒళ్లు మండింది, మండిందని పేరు పెట్టి అచ్చులో చెప్పాడు. ఆ మాటతో నేను పోట్లాడగలను. పోట్లాడుతూ రికార్డు మళ్లీ పెట్టుకోగలను, కుడివైపు చార్లీ హేడన్ బాసునూ ఎడమవైపు స్కాట్ లఫారో బాసునూ విడదీసి వినగలను. అద్భుతం, అలౌకికం, అందరికీ కాదు అనేవాడితో నేనేం పోట్లాడను? పట్టుకోవడానికి కొస దొరకదు. బాగాలేదనే ధైర్యం లేదు, ఎక్కడ బాగుందో చెప్పే శ్రద్ధ లేదు. కొత్తగా వినబోయే కుర్రవాడు ఆ మాట విని, ఇది మనకు కాదులే అని వెళ్లిపోతాడు. ఐలర్ పాట వినకుండానే వెళ్లిపోతాడు. నా కోపమంతా అక్కడే.

తాత్పర్యం: నా దగ్గర ఈ రికార్డు ఉంది.

పాఠకులకు మనవి: ఎవరైనా ఈ సూత్రం పలికితే ఎన్నో నిమిషంలో, ఎవరు, ఏం వాయించినప్పుడు మీకలా అనిపించిందని మర్యాదగా అడగండి. చెబితే కాఫీ ఇప్పించి ఇంకా చెప్పించుకోండి. ఇక చర్చ అసెన్షన్ గురించైతే, వాదనకు దిగే ముందు ఇద్దరి రికార్డుల్లోనూ ఎల్విన్ జోన్స్ సోలో ఉందో లేదో చూసుకోండి.